పొట్లకాయకు రాయి, వేలికి పట్టీ



మనిషి చేతిలో ఎన్ని ఎముకలు ఉంటాయో తెలుసా? ఒక్క చేతిలోనే 27 ఎముకలు ఉంటాయి. మణికట్టులో 8. అరచేతిలో 5. వేళ్లలో 14. బొటనవేలికి రెండే ఎముకలు. మిగిలిన నాలుగు వేళ్లకు మూడేసి ఎముకలు. ఎముకకూ ఎముకకూ నడుమ కీలు ఉంటుంది. ఈ చిన్న చిన్న కీళ్లు వంగుతాయి కాబట్టే మనిషి ముద్ద కలుపుతాడు. చెంబు పట్టుకుంటాడు. కొడవలి పడతాడు. మిషన్ మీట నొక్కుతాడు. కలం పట్టి పేరు రాస్తాడు.

గుమ్మడిదల, బొంతపల్లి, అన్నారం, దోమడుగు. ఈ ఊళ్లలో కొందరు పొలానికి పోతారు. చాలామంది కంపెనీలకు పోతారు. బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం దాకా డ్యూటీకి పోయేవాళ్లు ఉన్నారు. అక్కడైనా ఇక్కడైనా కూడు పెట్టేది చేతులే.

అలాంటి చేతికి దెబ్బ తగులుతుంది. ప్రెస్సు కింద వేలు నలుగుతుంది. ఆవిరి తగిలి చేయి కాలుతుంది. గడ్డి కోసే మిషన్‌లో వేలు తెగుతుంది. దవాఖానలో కుట్లు వేస్తారు, కట్టు కడతారు. కొన్నాళ్లకు గాయం మానుతుంది. కుట్లు విప్పుతారు. "ఇక బాగయింది" అని ఇంట్లో అందరూ అనుకుంటారు.

కానీ వేలు మడవడం లేదు. పిడికిలి పడటం లేదు. సబ్బు జారిపోతుంది. అంగీ గుండీ పెట్టుకోవడం రాదు.

గాయం మానడం ఒకటి. చేయి పని చేయడం ఇంకొకటి. ఈ రెండింటి నడుమ కొన్ని నెలల పని ఉంది. ఆ పని చేస్తే చాలా చేతులు తిరిగి వంగుతాయి. చేయకపోతే మానిన చెయ్యి కూడా మొద్దు కర్రలా మిగిలిపోతుంది. ఆ పని గురించే ఈ మాటలు.

మానిన వేలు ఎందుకు వంగదు?

దెబ్బ తగిలిన చోట వాపు వస్తుంది. వాపు అంటే నీరు. అది ఉత్త నీరు కాదు, జిగట నీరు. కీలు చుట్టూ చేరుతుంది. నొప్పికి మనిషి వేలు కదపడు. కదపని వేలి చుట్టూ జిగట ఆరుతుంది.

మరోపక్క శరీరం గాయాన్ని పూడుస్తుంది. దానికోసం కొత్త నార పోగులు అల్లుతుంది. ఇది మంచిదే. పోగులు లేకపోతే గాయం కలవదు. కానీ ఆ పోగులకు ఒక వరస ఉండదు. చిక్కుపడిన నూలులా అటూ ఇటూ అల్లుకుంటాయి. చర్మాన్నీ నరాన్నీ కీలునూ కలిపి అంటించేస్తాయి. మొదటి వారాల్లో అవి మెత్తగా ఉంటాయి. నెలలు గడిచేకొద్దీ గట్టిపడతాయి.

తడి మట్టిని చేతితో సర్దవచ్చు. ఎండిన మట్టికి పలుగు కావాలి. కీలు సంగతీ అంతే. త్వరగా మొదలుపెడితే పని తేలిక.

గట్టిగా గుంజితే ఏమవుతుంది?

బొంతపల్లి కంపెనీకి పోయే ఒక కార్మికుడు ఉన్నాడనుకోండి. మిషన్‌లో పడి అతని నడిమి వేలు నలిగింది. నెలన్నర దాటింది. గాయం మానింది, ఎముక అతికింది. వేలు మాత్రం కొక్కెంలా వంగి ఉండిపోయింది. చాచితే చాచుకోదు.

చూసిన ప్రతివాడూ ఒక సలహా చెబుతాడు. "నూనె రాసి గట్టిగా గుంజు. ఒక్కసారి నొప్పి ఓర్చుకుంటే సరిపోతుంది" అంటాడు ఒకడు. బావమరిది పట్టుకుని గుంజుతాడు. కార్మికుడు పళ్లు బిగించి ఓర్చుకుంటాడు. ఆ నిమిషం వేలు కొంచెం చాచినట్టే ఉంటుంది. తెల్లారేసరికి బూరెలా వాచి ఉంటుంది.

ఎందుకు? గట్టిగా గుంజితే లోపలి పోగులు సాగవు, తెగుతాయి. తెగిన చోట మళ్లీ రక్తం, మళ్లీ వాపు. శరీరం దాన్ని కొత్త గాయం అనుకుంటుంది. మళ్లీ పోగులు అల్లుతుంది. వేలు ముందుకన్నా ఎక్కువ బిగుసుకుంటుంది. ఒక్క నిమిషం ఆత్రం నెల రోజుల పనిని వెనక్కి తోస్తుంది.

మరి ఏం చేయాలి? ఆ సంగతి పొట్లపాదును అడగాలి.

పొట్లపాదు చెప్పే పాఠం

పొట్లకాయ పిందెగా ఉన్నప్పుడు వంకర తిరుగుతుంది. రైతు ఏం చేస్తాడు? దాని కొసకు దారంతో చిన్న రాయి కడతాడు. పెద్ద రాయి కట్టడు, కడితే పిందె తెగిపోతుంది. చేతితో గుంజడు, గుంజితే విరుగుతుంది. చిన్న రాయి రాత్రీ పగలూ మెల్లగా లాగుతుంది. కాయ పెరుగుతూ పెరుగుతూ తిన్నగా దిగుతుంది.

ముసలమ్మల చెవులు చూడండి. ఏళ్ల తరబడి బరువు కమ్మలు పెట్టుకుంటే చెవి తమ్మె సాగుతుంది. ఒక్కరోజులో సాగలేదు. ఎవరూ గుంజలేదు. కొద్దిపాటి బరువు చాలాకాలం ఉంది, తమ్మె దానికి తగ్గట్టు పెరిగింది.

ప్రాణం ఉన్న కండ, తోలు, నార అన్నిటికీ ఈ గుణం ఉంది. తక్కువ బలంతో ఎక్కువసేపు లాగితే అవి తెగవు. లాగిన వైపు కొత్తగా పెరుగుతాయి. చిక్కుపడిన పోగులు మెల్లగా వరస కడతాయి.

చేతి వైద్యంలో ఈ చిన్న రాయి పని చేసేది ఒక పట్టీ. దవాఖానలో దాన్ని స్ప్లింట్ అంటారు. ఆర్థోసిస్ అనే పేరు కూడా ఉంది. ఎముక విరిగినప్పుడు కట్టే పట్టీ కీలును కదలకుండా ఉంచుతుంది. ఈ పట్టీ అలాంటిది కాదు. బిగిసిన కీలును మళ్లీ కదిలించడానికి పెట్టేది. రెండింటికీ తేడా గుర్తుపెట్టుకోవాలి.

వేలూరులో జరిగిన పని

ఈ పద్ధతి మీద గొప్ప పని మన పక్కనే జరిగింది. చిత్తూరు జిల్లా దాటగానే తమిళనాడులో వేలూరు ఉంది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల దవాఖానకు తెలుగువాళ్లు చాలామంది పోతారు.

1946లో అక్కడికి పాల్ బ్రాండ్ అనే డాక్టరు వచ్చాడు. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టాడు. తల్లిదండ్రులు ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు. ఆ రోజుల్లో కుష్ఠు రోగుల చేతుల గురించి పట్టించుకునేవాళ్లు తక్కువ. వాళ్ల వేళ్లు పక్షి గోళ్లలా వంగి బిగుసుకుపోయేవి. బ్రాండ్ ఆ చేతులకు ఆపరేషన్లు చేశాడు. బాగా పనిచేసే నరాన్ని చచ్చుబడిన చోటికి మార్చి కుట్టేవాడు.

కానీ బిగుసుకున్న కీలు మీద ఆపరేషన్ చేస్తే లాభం లేదు. తుప్పు పట్టిన తలుపుకు కొత్త గొళ్లెం వేసినట్టే. ముందు కీలు కదలాలి. అందుకని వేలి చుట్టూ పలచగా పిండికట్టు వేసేవాళ్లు. వేలు నొప్పి లేకుండా ఎంతవరకు చాచుకుంటే అంతవరకే. కొద్ది రోజులకు ఆ కట్టు తీసి, వేలిని ఇంకొంచెం చాచి మళ్లీ కట్టేవాళ్లు. అలా కట్టు మీద కట్టు మార్చుతూ పోతే ఎన్నాళ్లనుంచో వంగి ఉన్న వేళ్లు తిన్నగా అయ్యాయి.

బ్రాండ్ ఇంకో సంగతి కూడా నేర్పాడు. కుష్ఠు రోగి చేతికి స్పర్శ ఉండదు. పట్టీ ఒరుసుకున్నా తెలియదు. పుండు పడ్డాకే తెలుస్తుంది. నొప్పి మనిషికి శత్రువు కాదు, కాపలాదారు అని ఆయన చెప్పేవాడు. షుగరు వ్యాధితో చేతులు మొద్దుబారినవాళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది. అలాంటివాళ్లు పట్టీ తీసినప్పుడల్లా చర్మాన్ని కళ్లతో చూసుకోవాలి.

పట్టీల్లో రకాలు

కదిలించే పట్టీలు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది, మార్చి మార్చి వేసే పట్టీ. వేలూరులో వేసిన పిండికట్టు ఇలాంటిదే. ఇప్పుడు ప్లాస్టిక్ రేకు కూడా వాడతారు. ఆ రేకు వేడి నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. చేతి మీద పెట్టి ఒత్తితే చేతి ఆకారం తీసుకుంటుంది. చల్లారితే గట్టిపడుతుంది. మళ్లీ వేడిచేసి ఆకారం మార్చవచ్చు.

రెండోది, రబ్బరు పట్టీ. దీనికి ముంజేతి మీద ఒక బల్ల లాంటి భాగం ఉంటుంది. దాని నుంచి ఒక చువ్వ బయటికి వస్తుంది. చువ్వ నుంచి రబ్బరు బ్యాండు గానీ స్ప్రింగు గానీ వేలిని లాగుతుంది. వేలికి మెత్తని తోలు ఉయ్యాల ఉంటుంది. కీలు ఇంకా మెత్తగా ఉన్న రోజుల్లో ఇది బాగా పనిచేస్తుంది.

మూడోది, కొద్దికొద్దిగా బిగించే పట్టీ. నులక మంచం తెలుసు కదా. నులక వదులైతే కాళ్ల వైపు తాడు గుంజి కాస్త బిగిస్తారు. కొన్నాళ్లకు మళ్లీ వదులవుతుంది. మళ్లీ బిగిస్తారు. ఈ పట్టీ కూడా అంతే. ఇందులో రబ్బరు ఉండదు. సాగని దారం గానీ మరగానీ ఉంటుంది. కీలు కాస్త వదులైతే రోగే ఒక మెట్టు బిగిస్తాడు. గట్టిపడిన కీళ్లకు ఇది మంచిది.

లాగే బలం ఎంత ఉండాలి? వేలి కీలుకు సాధారణంగా 100 గ్రాముల నుంచి 300 గ్రాముల దాకా. అంటే కూరగాయల అంగడిలో పావుకిలో తూకం రాయి ఉంటుందే, దాదాపు అంత బరువు. అంతకు మించి బలం పెడితే కీలు త్వరగా వదులవుతుందని అనుకోవద్దు. పొట్లకాయకు బండరాయి కట్టినట్టు అవుతుంది.

దారం లాగే తీరు కూడా ముఖ్యం. దారం వేలి ఎముకకు మూలమట్టంలా నిలవాలి. వడ్రంగి దగ్గర ఉండే మూలమట్టం లాగా అన్నమాట. ఏటవాలుగా ఉంటే తోలు ఉయ్యాల జారుతుంది, చర్మం ఒరుసుకుంటుంది. వేలు చాచుకునేకొద్దీ ఈ మూల మారిపోతుంది. అందుకే వారం వారం దవాఖానకు వచ్చి పట్టీ సరిచేయించుకోవాలని చెబుతారు. "పట్టీ ఇచ్చారు కదా, ఇంక పోవడం ఎందుకు?" అనుకోవద్దు.

రోజుకు ఎంతసేపు పెట్టుకోవాలి?

ఎంత గట్టిగా లాగారు అన్నది కాదు, ఎంతసేపు లాగారు అన్నదే లెక్క.

1994లో అమెరికాలో ఫ్లవర్స్, లాస్టేయో అనే ఇద్దరు చికిత్సకులు ఈ సంగతి పరీక్షించారు. వంగి బిగిసిన వేళ్లకు పిండికట్టు వేశారు. ఒకసారి 3 రోజులు ఉంచారు. ఇంకోసారి 6 రోజులు ఉంచారు. 6 రోజులు ఉంచినప్పుడు వచ్చిన కదలిక 3 రోజులకు వచ్చినదానికి రెట్టింపుకు దగ్గరగా ఉంది. 2003లో ఆస్ట్రేలియాలో ఇంకో పరీక్ష చేశారు. రోజుకు 6 గంటలకు తక్కువ పెట్టుకున్నవాళ్లకంటే 6 నుంచి 12 గంటలు పెట్టుకున్నవాళ్ల కీళ్లు ఎక్కువ వదులయ్యాయి.

మొదటిరోజే 6 గంటలు పెట్టుకోమని కాదు. అరగంటతో మొదలుపెడతారు. చర్మం, నొప్పి చూసుకుంటూ పెంచుతారు. వేలు చాచే పట్టీని చాలామందికి రాత్రి పెట్టుకొమ్మంటారు. పగలు పట్టీ తీసి చేతిని కదిలించాలి. పట్టీ కీలుకు దారి చేస్తుంది. ఆ దారిలో నడవాల్సింది వేలే. పట్టీ తీశాక వేలిని సొంతంగా పదిసార్లు వంచి చాచాలి. మెత్తని పిండి పిసకాలి. చిక్కుడు గింజలు ఏరాలి. లేకపోతే వచ్చిన కదలిక మళ్లీ పోతుంది.

కొత్తగా నేర్చిన చదువు ఇక్కడ పనికొస్తుంది

వేలు రోజుకు ఒక గింజంత మారుతుంది. ఆ మార్పు కంటికి కనబడదు. రెండు వారాలు చూసి "ఏం లాభం లేదు" అని చాలామంది పట్టీని అటక మీద పడేస్తారు. సరిగ్గా కీలు వదులయ్యే వేళకే వదిలేస్తారు.

దీనికి మందు ఒక నోటుపుస్తకం, ఒక స్కేలు. పిడికిలి పట్టలేని వేలు అయితే ఇలా కొలవాలి. వేలిని వంచగలిగినంత వంచాలి. వేలి కొన నుంచి అరచేతి దాకా ఎంత ఎడం ఉందో స్కేలు పెట్టి చూడాలి. చాచలేని వేలు అయితే అరచేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టాలి. బల్ల నుంచి వేలి కొన ఎంత ఎత్తులో ఉందో చూడాలి. వారానికి ఒకసారి, ఒకే వేళకు కొలవాలి. ఉదాహరణకు ఇలా రాసుకోవచ్చు:

మొదటి సోమవారం: ఎడం 5 సెంటీమీటర్లు. పట్టీ రోజుకు 2 గంటలు.
రెండో సోమవారం: ఎడం 4 న్నర. పట్టీ రోజుకు 4 గంటలు.
మూడో సోమవారం: ఎడం 4. పట్టీ రోజుకు 6 గంటలు.

కంటికి కనబడని మార్పు కాగితం మీద కనబడుతుంది. మనసుకు ధైర్యం వస్తుంది. దవాఖానలో పుస్తకం చూపిస్తే వాళ్లకూ పని తేలిక. మూడు నాలుగు వారాలు అంకె మారకపోతే అదీ చెప్పాలి. పట్టీ రకం మార్చాలేమో, ఆపరేషన్ కావాలేమో డాక్టరు చూస్తాడు. అన్ని కీళ్లూ పట్టీతోనే బాగుకావు. ఎముకకు ఎముక అడ్డం పడితే ఏ పట్టీ వంచలేదు.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

1. పట్టీ డాక్టరు చెబితేనే పెట్టాలి. ఎముక అతకకముందు, కుట్టిన నరం గట్టిపడకముందు, చీము ఉన్నప్పుడు లాగకూడదు.
2. ఇంట్లో రబ్బరు బ్యాండు చుట్టి లాగవద్దు. వేలికి రక్తం ఆగిపోతుంది.
3. లాగుతున్నట్టు అనిపించాలి. నొప్పి పుట్టకూడదు. నిద్ర పట్టనంత లాగితే వదులు చేయించాలి.
4. వేలి కొన తెల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే తీసేయాలి.
5. పట్టీ తీసిన తరువాత ఎర్రని మచ్చ కాసేపటికి పోవాలి. పోకుండా నిలిస్తే పట్టీ అక్కడ ఒత్తుతోందని అర్థం.
6. ప్లాస్టిక్ పట్టీని ఎండలో, పొయ్యి దగ్గర పెట్టవద్దు. మెత్తబడి ఆకారం పోతుంది.
7. పట్టీతో మిషన్ దగ్గరికి పోవద్దు. చువ్వ, దారం మిషన్‌లో చిక్కితే చేయి మొత్తం లోపలికి పోతుంది.

డ్యూటీ మానితే ఇల్లు ఎలా గడుస్తుంది?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పట్టీ పెట్టుకోవడానికి గంటలు కావాలి. దవాఖానకు పోవడానికి రోజులు కావాలి. కూలి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే చాలామంది కుట్లు విప్పిన మర్నాడే పనికి పోతారు.

కార్మికుడు ఈఎస్‌ఐ గురించి తెలుసుకోవాలి. 1948లో దీనికి చట్టం వచ్చింది. 2017 జనవరిలో నెల జీతం హద్దును 21,000 రూపాయలకు పెంచారు. 2019 జూలైలో వాటాలు తగ్గించారు. వంద రూపాయల జీతానికి కార్మికుడి వాటా 75 పైసలు, యజమాని వాటా 3 రూపాయల 25 పైసలు అయింది. కాంట్రాక్టు కార్మికుడికి కూడా ఈ హక్కు ఉంది.

పని మీద ఉండగా దెబ్బ తగిలితే, డాక్టరు "ఇంకా పనికి పోకూడదు" అని సర్టిఫికెట్ ఇచ్చినన్ని రోజులు కూలిలో నూటికి 90 వంతులు ఈఎస్‌ఐ నుంచి వస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే దెబ్బ తగిలినా ఈ హక్కు వర్తిస్తుంది. చేయి కొంత శాశ్వతంగా చెడిపోతే మెడికల్ బోర్డు చూసి ఎంత నష్టమో తేలుస్తుంది. దాన్నిబట్టి నెలనెలా డబ్బు ఇస్తారు.

కానీ దీనికి కాగితం కావాలి. దెబ్బ తగిలిన రోజే సూపర్‌వైజరుకు చెప్పాలి. ప్రమాదాల పుస్తకంలో రాయించాలి. తేదీ, వేళ, ఏ మిషన్, ఏ వేలు, చూసినవాళ్లు ఎవరు అన్నది అందులో ఉండాలి. సంతకం పెట్టేముందు చదవాలి. "ఇంట్లో పడ్డాడు" అని రాసి ఉంటే సంతకం పెట్టవద్దు. వేలిముద్ర వేసిన రోజుల్లో ఏం రాశారో తెలిసేది కాదు. ఇప్పుడు చదువు వచ్చింది కాబట్టి కూడబలుక్కునైనా చదవాలి.

ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు రామచంద్రాపురంలో, సనత్‌నగర్‌లో ఈఎస్‌ఐ పెద్ద దవాఖానలు ఉన్నాయి. పొలం పనివాళ్లు, ఈఎస్‌ఐ లేనివాళ్లు సంగారెడ్డి ప్రభుత్వ దవాఖానకు పోవచ్చు. హైదరాబాదులో గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి. అక్కడ ఫిజియోథెరపీ విభాగం ఎక్కడ అని అడగాలి. కుట్లు విప్పేరోజే డాక్టరును ఒక మాట అడగాలి. "సారూ, వేలు మడుస్తలేదు. పట్టీ అవసరమా? ఎవరి దగ్గరికి పోవాలె?" అడగడానికి సిగ్గుపడవద్దు.

ఇంట్లోవాళ్ల పని కూడా ఉంది. పట్టీ పెట్టుకున్న మనిషి ఒంటి చేత్తో అన్నం తింటాడు. చిరాకు పడతాడు. భార్యో, తల్లో, కూతురో గంటలు రాసిపెట్టవచ్చు. స్కేలు పట్టి కొలవవచ్చు. ఇంట్లో ఆడమనిషి చేతికే దెబ్బ తగిలితే మాత్రం సంగతి వేరేగా ఉంటుంది. గిన్నెలు ఎవరు తోముతారు, బట్టలు ఎవరు పిండుతారు అని ఆమె పట్టీ తీసి పక్కన పెడుతుంది. ఆమె చేయి కూడా చెయ్యే. మగవాళ్లు ఆ కొన్ని నెలలు బిందె ఎత్తాలి, గిన్నెలు తోమాలి.

కొంచెం బలం, చాలా సేపు, రోజూ. పట్టీ పని ఇదే. పట్టీ కట్టిన మనిషి పనీ ఇదే.

మాట్లాడుకోండి

1. బిగిసిన వేలిని గట్టిగా గుంజితే ఎందుకు ఇంకా బిగుసుకుంటుంది?
2. పొట్లకాయకు పెద్ద రాయి ఎందుకు కట్టరు?
3. మీ ఊళ్లో గాయం మానినా వేలు వంగనివాళ్లు ఉన్నారా? వాళ్లు దవాఖానలో ఏం అడగాలి?
4. పనిలో దెబ్బ తగిలితే ప్రమాదాల పుస్తకంలో ఏమేం రాయించాలి? మీ నోటుపుస్తకంలో రాసి చూడండి.